నలభై ఏడు నిమిషాల వెనకబాటు

ఫణీంద్ర ఆ రిపోర్టును రెండు చేతులా పట్టుకుని, పెళ్లి శుభలేఖ ఇచ్చినంత వినయంగా ఇచ్చాడు. నలభై మూడు పేజీలు. మొదటి పేజీ మీద ఎర్రటి వృత్తం, అందులో తొమ్మిది అంకె.

"తొమ్మిది క్రిటికల్, సార్. ఇరవై రెండు హై. ఇన్ని కంతలతో మీ సర్వర్ ఇంకా బతికుందంటే అది దాని మంచితనం," అన్నాడు.

గుణశేఖర్ మొహం పాలిపోయింది. అతని భార్య సువర్చల మాత్రం, ఆ సెక్యూరిటీ నిపుణుడు బూట్లు విప్పకుండా హాల్లోకి వచ్చి, ఇప్పుడు ఆ బూటు మొనతోనే చాప అంచు మడతపెడుతున్న సంగతి చూస్తోంది. కాఫీ ఇచ్చింది. రెండో కప్పు అడిగితే వినపడనట్టు ఊరుకుంది.

గోపాలపట్నంలోని ఆ ఇంట్లో సర్వర్ అనబడేది స్టోరురూములో, ఊరగాయ జాడీల పై అరలో ఉంటుంది. చెప్పుల డబ్బాకు ఎక్కువ, పెట్టెకు తక్కువ. అందులో ఉన్నది పైడితల్లమ్మ గొంతు.

పైడితల్లమ్మ గుణశేఖర్ తల్లి. ముప్పై ఏళ్లు పిల్లల హాస్టల్లో వంట మేస్త్రీగా చేసి, రెండు వందల మందిని ఒక్క గరిటె చప్పుడుతో వరసలో కూర్చోబెట్టిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఒళ్లూ నోరూ పడిపోయాయి. తల ఊపలేదు, వేలు కదపలేదు. కనురెప్పలు కూడా వాటికి తోచినప్పుడు పడతాయి. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదని డాక్టర్లు చెప్పారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే గుణశేఖర్‌కు ఆలోచన పుట్టింది అక్కడే. మాట్లాడమని మెదడు ఆజ్ఞ పంపుతోంది, ఆజ్ఞ మెడ దాకా వస్తోంది, వినాల్సిన గొంతే వినడం లేదు. మరి ఆ ఆజ్ఞను మెడ దగ్గరే పట్టేసుకుంటే?

ఏడాది తంటాలు పడి మెడకు కట్టే పట్టీ ఒకటి తయారు చేశాడు. పట్టీ పట్టుకున్న ఆజ్ఞలు సర్వర్‌కు వెళ్తాయి. సర్వర్ వాటిని మాటలుగా కూర్చి, పాత పెళ్లి వీడియోల్లోంచి తీసిన ఆవిడ గొంతుతోనే హాల్లోని స్పీకర్లో పలుకుతుంది. ఆజ్ఞలు అందుతున్నంతసేపూ పట్టీ మీద పచ్చదీపం మిణుకుమిణుకుమంటుంది.

సంగతి తెలిసి నాడీ పరిశోధనా కేంద్రం డైరెక్టర్ చక్రధర్ స్వయంగా కారేసుకొచ్చాడు. పుర్రె తెరిచి మెదడు మీద సన్నటి తీగల వల పరిస్తే ఆవిడ మామూలు మనిషిలా గడగడా మాట్లాడుతుందన్నాడు. లోకంలోనే మొదటి మనిషి అవుతుందన్నాడు. అదే వల వేయించుకున్న కోతుల్లో నూటికి పన్నెండు బల్ల మీంచి లేవలేదన్న మాట మాత్రం ఆయన నోటితో అనలేదు. ఆ పని అంగీకార పత్రం అడుగున సన్నక్షరాలకు అప్పజెప్పాడు.

ఆపరేషన్ గురువారం. పైడితల్లమ్మ తన గొంతుతోనే ఒప్పుకుంది, రికార్డు కూడా ఉంది. మిగిలింది ఆసుపత్రి కమిటీ పెట్టిన షరతు ఒక్కటే. ఇంటి సర్వర్లోకి పరాయివాళ్లు చొరబడే వీలుందో లేదో స్కాన్ చేయించి, రిపోర్టు చూపాలి. అందుకే ఈ ఫణీంద్ర, ఈ బూట్లు.

"బుధవారానికల్లా ఎర్రవన్నీ సున్నా చేసి పంపేస్తాను సార్. కమిటీవాళ్లు మొదటి పేజీ దాటి చూడరు."

"మీరు చూశారా?" అంది సువర్చల.

"ఏంటి మేడమ్?"

"మొదటి పేజీ దాటి."

ఫణీంద్ర ముద్దుగా నవ్వాడు. "అది టూల్ ఇచ్చే రిపోర్టు మేడమ్. చూడ్డానికేముంటుంది, రంగులు తప్ప."

*

సువర్చల డిగ్రీలో కంప్యూటర్లు చదువుకుంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆ చదువుతో ఇన్వర్టర్ బాగుచేసేవాళ్లనూ, వాషింగ్ మెషీన్ బాగుచేసేవాళ్లనూ హడలగొట్టింది. మంగళవారం మధ్యాహ్నం అత్తగారికి గొట్టంతో గంజి పట్టి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా చాప మీద చేరి రిపోర్టు తెరిచింది. పక్కన లాప్‌టాప్. గుణశేఖర్ పాస్‌వర్డ్ గ్యాసు పుస్తకం అట్ట వెనక రాసి ఉంటుంది. ఆ కంత ఏ స్కానర్‌కూ దొరకలేదు.

ఎర్రవి తొమ్మిదీ చదివేసరికి ఆవిడకు ఆవలింత వచ్చింది. ఎనిమిదింటిలోనూ ఒకటే పాట. స్కానర్ వచ్చి, నీ పేరేమిటి, వెర్షన్ ఎంత అని సర్వర్‌ను అడిగింది. సర్వర్ చెప్పింది. ఆ వెర్షన్‌కు పుట్టినప్పటి నుంచి ఉన్న జబ్బులన్నీ స్కానర్ ఎర్రసిరాతో రాసేసుకుని వెళ్లిపోయింది. మందు వేశారా లేదా అని చూడలేదు. గుణశేఖర్ నెలనెలా వేసే అప్‌డేట్లు జబ్బు నయం చేస్తాయి గాని వెర్షన్ నంబరు మార్చవు. సువర్చల అప్‌డేట్ల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే టిక్కు కొట్టింది. ఎనిమిదీ ఎప్పుడో నయమయ్యాయి. పేరూ వయసూ అడిగి, నాడి పట్టకుండానే మందుల చీటీ నింపిన వైద్యుడు గుర్తొచ్చాడు ఆవిడకు. ఆయనకు మాత్రం ఫీజు ఇంతలేదు.

తొమ్మిదోది ప్రింటర్. దానిలో ఇంకు అయిపోయి ఏడాదైంది. దాన్ని ఎవడైనా దొంగిలించుకుపోతే దండ వేసి పంపించడానికి సువర్చల సిద్ధంగా ఉంది.

నారింజ రంగువీ, పసుపురంగువీ అదే తంతు. చివర్లో ఆరు పేజీల నిండా నీలం గీతలు, పైన 'సమాచారం మాత్రమే' అని శీర్షిక. నిపుణులెవరూ ఇంతదూరం రారని ఆ పేజీల తెల్లదనమే చెబుతోంది. సువర్చల బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆ గీతలు ఏరుతూ పోయి, ముప్పై ఎనిమిదో గీత దగ్గర ఆగింది.

'సర్వర్ గడియారం అసలు సమయం కన్నా 47 నిమిషాలు వెనకబడి ఉంది.'

ఆవిడకు నవ్వొచ్చింది. అది భర్తగారి ఘనకార్యం. ఎనిమిది నెలల కిందట ఒక శుక్రవారం, పొద్దున్న పది ఇరవై నాలుగుకి ముహూర్తం పెట్టించాడు, పదిన్నరకి రాహుకాలం వస్తుంది కనుక. అంతా సిద్ధం చేసుకుని చూస్తే కేబుల్ లేదు. అది తెప్పించేసరికి పదకొండు పదకొండు, రాహుకాలం నడిమధ్య. సైన్సు చదివిన మనిషి రెండు నిమిషాలు తల పట్టుకుని కూర్చుని, సర్వర్ గడియారాన్ని వెనక్కి తిప్పి పది ఇరవై నాలుగు చేసి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశాడు. నెట్ నుంచి సరైన టైము వచ్చి దానంతటది దిద్దుకుంటుందేమోనని ఆ సదుపాయాన్ని కూడా కట్టేశాడు. మళ్లీ విప్పడం మరిచిపోయాడు.

నవ్వుతూనే యాభై రెండో గీతకు వచ్చింది. 'ఈ సర్వర్లో పరీక్ష అనే పేజీ పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంటోంది.'

తెరిచింది. తెల్లటి పేజీ, ఒక గడి, కింద 'పలుకు' అనే బటన్. ఇదేదో మొదట్లో స్పీకర్ పరీక్షించుకోవడానికి పెట్టుకున్నది కాబోలు అనుకుంటూ గడిలో టైపు చేసి బటన్ నొక్కింది.

"ఈవేళ ఎండ బాగుంది," అంది స్పీకర్, పైడితల్లమ్మ గొంతుతో.

సువర్చల తలెత్తింది. ఎదురుగా అత్తగారి మెడ మీద పచ్చదీపం మిణుకుమనలేదు. ఆవిడ కళ్లు మాత్రం స్పీకర్ వంక చూశాయి, తర్వాత కోడలి ఒళ్లోని లాప్‌టాప్ వంక. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ఇది ఆవిడకు పాత సంగతి.

సువర్చల ఆ పేజీ చరిత్ర తెరిచింది. ఇప్పుడు తాను పలికించింది పోను, ఎనిమిది నెలల్లో రెండు వందల పన్నెండు వాక్యాలు. ఎక్కడి నుంచి వచ్చాయో, ఎప్పుడు పలికాయో వరసగా ఉంది. రెండు వందల మూడు వాక్యాలు గుణశేఖర్ ఫోను నుంచి వచ్చాయి. 'మా అబ్బాయే చేశాడమ్మా ఇదంతా.' 'నాయనా, నువ్వు బంగారం.' 'రండి రండి, కాఫీ తాగండి.' బంధువులు వచ్చిన రోజులే అన్నీ. పట్టీ నుంచి ఒక్క మాట కూడి రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. చుట్టాల ముందు అన్ని నిమిషాలు నోరు తెరుచుకు కూర్చోవడం నామోషీ అయినట్టుంది, జేబులోంచే టైపు చేసేవాడన్నమాట. చుట్టాలుంటే అమ్మ మెదడు హుషారెక్కుతుందని అతనంటే తాను తలూపింది. కొడుకును బంగారమనడం కన్నా ఆవిడ గరిటె మింగడం తేలికని తెలిసి కూడా తలూపింది!

కిందికి జరిపింది. ఫాల్గుణ మాసంలో ఒక రోజు దగ్గర వేలు ఆగిపోయింది.

'కోడలా, నీ చేతి పులుసు నా చేతి పులుసు కన్నా బాగుంటాది.'

ఫోను గుణశేఖర్‌దే. గొట్టంలోంచి తాగే మనిషి పులుసు రుచి ఎలా చెప్పిందని ఆ రోజు తాను అడగలేదు. ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. మూడు రోజులు ఇల్లంతా తేలుతూ తిరిగింది. పక్కింటావిడకు రెండుసార్లు చెప్పింది. సాటి ఆడవాళ్ల తెలివితక్కువతనం మీద జీవితమంతా నవ్వుకున్న సువర్చలకు, ఇంత నాసిరకం మోసంలో పడ్డది తనేనని ఒప్పుకోవడం చేదుగా ఉంది. లాప్‌టాప్ మూసేస్తే ఆ మాట అలాగే ఉండిపోతుంది. నిజమేనా కాదా అని అడిగేవాళ్లు లేరు. ఒక్క నిమిషం ఆ ఆలోచన ఆవిడకు నిజంగానే వచ్చింది. మూత మీద చెయ్యి కూడా వేసింది.

పైడితల్లమ్మ చూస్తూనే ఉంది.

చెయ్యి తీసేసి మిగతా తొమ్మిది వాక్యాలూ చూసింది. అవి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చాయి. చివరిది పోయిన సోమవారంది. 'శస్త్రచికిత్సకు నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను.' సర్వర్ వేసిన సమయం పదకొండూ పది.

అంగీకార పత్రం మీద కూడా అదే సమయం. పదకొండూ పదికి అత్తగారు కుర్చీలో పట్టీతో ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ సర్వర్ గడియారానికి పదకొండూ పది అయితే, లోకానికి పదకొండూ యాభై ఏడు. రోజూ పదకొండూ ముప్పావు నుంచి పన్నెండుంబావు దాకా పైడితల్లమ్మ స్నానాలగదిలో ఉంటుంది. పట్టీకి తడి తగలకూడదని తానే విప్పి, హాల్లో మేకుకు తగిలిస్తుంది. అంటే ఆ మనస్ఫూర్తి మేకుది.

ఇంకొక్కటే చూడాలనిపించింది. పట్టీ నుంచి వచ్చినా పనికిరావని సర్వర్ పారేసిన మాటల జాబితా. అందులో ఒకే మాట ముప్పై ఒక్కసారి ఉంది. 'నాను కాదు.' ప్రతిసారీ చుట్టాలు వెళ్లిపోయిన కాసేపటికి. పక్కన గుణశేఖర్ రాసుకున్న గమనిక: సిగ్నల్ లోపం, వదిలేయవచ్చు.

*

సాయంత్రం గుణశేఖర్ కాలేజీ నుంచి వచ్చేసరికి చాప మీద కాగితాలు పరిచి ఉన్నాయి.

"ఏవండీ, రాహుకాలాన్నే బోల్తా కొట్టించిన శాస్త్రవేత్తలు కదా మీరు. చిన్న సందేహం. పోయిన సోమవారం పదకొండూ యాభై ఏడుకి మీ అమ్మ ఎక్కడుంది?"

"స్నానానికి... ఎందుకూ?"

"సబ్బు నురగలో ఉండి ఆపరేషన్‌కి ఒప్పుకుంది. అదీ పట్టీ లేకుండా."

అతను చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత పరీక్ష పేజీ చరిత్ర ఆవిడ చేతిలో చూసి, చదవడానికి చెయ్యి చాపలేదు.

"అది డెమో కోసం, సువర్చలా. వాళ్లందరూ అంతదూరం నుంచి వచ్చి ఏమీ వినకుండా పోతే... అమ్మకే చిన్నతనం కదా."

"అమ్మకా?"

అతను వంగి చాప అంచు మడత సరిచేశాడు.

"డైరెక్టరు గారికి ఈ పేజీ ఎవరు చూపించారు?"

"నేనే. ఒకసారి సిగ్నల్ అందకపోతే... ఆయన ముందు..." చేతిలో బ్యాగు కింద పెట్టాడు. "ఆయన ఇలా చేస్తాడనుకోలేదు."

"మీరు చేశారుగా రెండు వందల మూడుసార్లు. ఆయన తొమ్మిదే చేశాడు. పాపం, ఇంకా నేర్చుకునే దశలో ఉన్నాడు."

"పులుసు మాట కూడా చూశావా?" అన్నాడు మెల్లిగా.

"చూశాను. ఉప్పు ఎక్కువైంది." కాగితాలు దగ్గరకు తీసుకుంటూ అంది. "మీకు బంగారం కావాల్సొచ్చింది, నాకు పులుసు కావాల్సొచ్చింది. మీ అమ్మకేం కావాలో అడిగినవాళ్లే లేరు. 'నాను కాదు' అని ముప్పై ఒక్కసారి మొత్తుకుంటే లోపమని రాసుకున్నారు."

గుణశేఖర్ తల్లి వంక తిరిగాడు. ఆవిడ కళ్లు గోడ మీద ఉన్నాయి. అతను స్టోరురూములోకి వెళ్లి, పరీక్ష పేజీ తీసేశాడు. గడియారం దిద్దాడు. పారేసే జాబితాను రద్దు చేశాడు. బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఊరగాయ ఘాటు కాదని సువర్చలకు తెలుసు గాని, ఆ పూటకు ఓదార్చే ఓపిక ఆవిడకు లేదు.

*

బుధవారం పొద్దున్న చక్రధర్, ఫణీంద్ర వచ్చారు. కమిటీ తరఫున ఒక నడివయసు డాక్టరమ్మ వచ్చింది. ఈసారి ఫణీంద్ర బూట్లు గుమ్మంలోనే విప్పాడు. గుమ్మంలో సువర్చల నిలబడి ఉంది మరి.

ఆవిడ కాగితాలు డాక్టరమ్మ చేతికిచ్చి, ముప్పై ఎనిమిదో గీత, యాభై రెండో గీత చూపించి, మేకుకు వేలాడిన మనస్ఫూర్తి దాకా చెప్పుకొచ్చింది. ఫణీంద్ర మెడ చాచి చూశాడు.

"కానీ మేడమ్, అవి సమాచారం మాత్రమే..."

"అవునండీ. మీ దగ్గర లేనిది అదే."

చక్రధర్ మాత్రం తొణకలేదు. గొంతులో తేనె పోసుకున్నాడు. "చూడండమ్మా, ఆ రోజు సిగ్నల్ సరిగా అందలేదు. ఆవిడ మనసులో ఉన్నదే మేము మాటల్లో పెట్టాం. ఇంట్లోవాళ్లు చేస్తున్నదీ అదే కదా?"

గుణశేఖర్ లేచి నిలబడ్డాడు. "అదే చేశాను సార్. చేసింది తప్పు. మీ కాగితంలో నా పేరు కూడా రాసుకోండి." సువర్చల భర్త వంక కొత్తగా చూసింది.

డాక్టరమ్మ పైడితల్లమ్మ ముందు కుర్చీ వేసుకుంది. కోతుల సంగతితో సహా సన్నక్షరాలన్నీ బిగ్గరగా చదివింది. "ఈ ఆపరేషన్ చేయించుకుంటారా అమ్మా? తొందరలేదు," అంది.

పచ్చదీపం మిణుకుమంది. నాలుగు నిమిషాలు గడిచాయి. చక్రధర్ వాచీ చూసుకున్నాడు. స్పీకర్ గరగరలాడింది.

"నా...నొల్లను."

వద్దనడానికి ఆవిడ ఆ ఇంట్లో ఎన్నడూ వాడిన మాట అదొక్కటే. గుణశేఖర్ చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"శబ్దం అది," అన్నాడు చక్రధర్. "సిగ్నల్లో అలాంటి చప్పుళ్లు వస్తుంటాయి. పక్షవాతం వచ్చిన మనిషి జీవితకాలపు అవకాశాన్ని ఒక్క చప్పుడుతో పోగొట్టలేం. ఇంకోసారి అడగాలి."

డాక్టరమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ దీపం. ఈసారి అయిదు నిమిషాలు. వీధిలో కూరలబండి వచ్చి, అరిచి, వెళ్లిపోయింది.

"ఒల్లను."

డాక్టరమ్మ కలం తీసింది. చక్రధర్ ఆవిడ చెయ్యి అందుకోబోయినంత పని చేశాడు. "ఇది శాస్త్రీయం కాదండీ. రెండుసార్లు ఒకే చప్పుడొస్తే అది పరికరం దోషమని కూడా అనుకోవచ్చు. మూడోసారి, ఆఖరుసారి నేనే అడుగుతాను." కుర్చీ ముందుకు వంగి, చంటిపిల్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "అమ్మా... ఆపరేషన్... మీకు... కావాలి... కదూ?"

పచ్చదీపం మిణుకుమనడం మొదలుపెట్టింది. ఆగలేదు. అయిదు నిమిషాలు, ఏడు నిమిషాలు. ఇంత పొడుగు ఆజ్ఞ పట్టీ ఎన్నడూ మొయ్యలేదు. చక్రధర్ వంగిన నడుముతోనే ఉండిపోయాడు. మధ్యలో లేస్తే బాగుండదని ఆయనకూ అనిపించినట్టుంది. తొమ్మిదో నిమిషం దాటింది. పైడితల్లమ్మ కళ్లు ఆయన మొహం మీంచి కదల్లేదు. హాస్టల్లో వరస తప్పిన పిల్లవాణ్ని చూసే చూపు అది.

పదకొండో నిమిషంలో స్పీకర్ పలికింది.

"నీకు... సెవుడేటి?"